గుత్తి కొండ కింద నీళ్ళ లెక్క

యుద్ధ స్మారకం ఎక్కడుంది అని అడిగితే తెలుగువాళ్ళలో ఎక్కువమంది విశాఖపట్నం పేరు చెప్తారు. 1971 యుద్ధంలో నౌకాదళం సాధించిన విజయానికి గుర్తుగా 1996లో అక్కడ సముద్రపు ఒడ్డున ఒక స్మారకం కట్టారు. చుట్టూ యుద్ధ సామగ్రి నమూనాలు, సాయంత్రమైతే పిల్లల ఆటలు, ఫొటోలు. హైదరాబాదు వాళ్ళైతే సికింద్రాబాదు పరేడ్ గ్రౌండులోని సైనిక స్మారకం చూపిస్తారు. మా అనంతపురం జిల్లాకు సముద్రం లేదు. పార్కులో పచ్చిక పెంచుదామంటే నీళ్ళూ లేవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన, అదీ చాలాసార్లు వేరుశనగ చేను ఎండినాక పడే వాన. ఇట్లాంటి నేల మీద యుద్ధ స్మారకం ఏదని ఎవరైనా అడిగితే మేం గుత్తి కొండను చూపిస్తాం.

దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే బస్సులో కూచున్నవాళ్ళు కిటికీలోంచి చూసి ‘అబ్బ, ఎంత కోట!’ అనుకొని మళ్ళీ కునుకు తీస్తారు. కొండ మీద కోట. కొండ కింద తెల్లవాళ్ళ సమాధుల తోట. ఊళ్ళో ఒక తెల్లదొర పేరుతో కట్టిన సత్రం. ఉత్తరాన పత్తికొండలో అదే దొర జ్ఞాపకంగా తవ్వించిన బావి, నాటించిన తోపు. ఇవన్నీ కలిపి చూస్తే అదే ఒక యుద్ధ స్మారకం, అదే దాని చుట్టూ ఉన్న వనం. ఈ వనంలో ఎవరికి రాయి దక్కింది, ఎవరికి నీడ దక్కింది, ఎవరికి ఏదీ దక్కలేదు అన్నదే మా ప్రశ్న. పాండిత్యం కోసం అడిగే ప్రశ్న కాదిది. మా పిల్లలు బడికి పోతున్నారు కాబట్టి అడుగుతున్న ప్రశ్న.

మాలో చాలామందికి ఇట్లాంటి జ్ఞాపకం ఒకటి ఉంటుంది. బడిపిల్లలను ఎక్కడికైనా తీసుకుపోవాలంటే ఈ చుట్టుపక్కల బడులకు గుత్తి కోట దగ్గర. సద్దిమూటలు కట్టుకొని, ఆయాసపడుతూ ఎక్కుతాం. పైన అంచు మీద సున్నపు గచ్చుతో నున్నగా ఉండే చిన్న మంటపం ఉంటుంది. మురారిరావు గద్దె అంటారు. అక్కడ నిలబడి అయ్యవారు పాఠం చెప్తాడు. ‘ఇక్కడ కూచొని మురారిరావు రాజ్యమేలినాడు. హైదరాలీ వచ్చి మోసంతో కోట పట్టుకున్నాడు.’ అంతవరకూ బాగానే ఉంటుంది. కొండ దిగేటప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది: ‘ఏం రా, మీవోడే కదా!’ అన్నవాడికి అది తమాషా. సాయంత్రానికి వాడు మర్చిపోతాడు. ఆ ‘మీ’ అన్న ఒక్క అక్షరం మాత్రం మా వెంట ఇంటిదాకా వస్తుంది. మాకు హైదరాలీ ఎవరో అప్పటికి తెలియదు. మా నాయన సైకిలు మీద దూది మూట కట్టుకొని పరుపులు కుట్టను ఊళ్ళు తిరిగేవాడు. హైదరాలీ ఆయనకు ఏమవుతాడో ఆయనకే తెలియదు. 1992 డిసెంబరు 6 తర్వాత ఆ అక్షరానికి కోరలొచ్చాయి. తమాషాగా అన్నవాళ్ళే తర్వాత తమాషా లేకుండా అనడం మొదలుపెట్టారు.

సరే, హైదర్ మావాడే అనుకుందాం. మరి ఆ కోట లోపల ఎవరున్నారు?

గుత్తి కోట ఏ ఒక్కరి సొత్తూ కాదు. కొండ మీద దొరికిన పాత శాసనాలు కన్నడంలో ఉన్నాయి, పశ్చిమ చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి కాలానివి. ఆ తర్వాత విజయనగరం. ఆ విజయనగరంలోనే రెండో దేవరాయలు ముస్లిం రౌతులను, విలుకాళ్ళను కొలువులో చేర్చుకున్నాడనీ, వాళ్ళు తనకు మొక్కేటప్పుడు మనసు నొచ్చుకోకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడనీ ఫెరిష్తా రాశాడు. విజయనగరం తర్వాత గోల్కొండ, మొఘలులు వచ్చారు. పద్దెనిమిదో శతాబ్దంలో కోట మురారిరావు ఘోర్పడే చేతికి వచ్చింది. మరాఠా సేనాని. ఈ నేల మాట ఆయన ఇంటి మాట కాదు. ఆర్కాటు నవాబుగిరీ కోసం ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్లాడుకుంటున్న రోజుల్లో ఆయన గుర్రపు దండుకు గొప్ప గిరాకీ ఉండేది. 1751లో ఆర్కాటు కోటలో చిక్కుకున్న క్లైవుకు ఆసరాగా కదిలింది మురారిరావు దండే. కొద్దికాలానికే అదే దండు ఫ్రెంచివాళ్ళ పక్కకు మళ్ళింది. ఆ కాలంలో అది తప్పు కాదు, బతుకుతెరువు. ఎవరు జీతమిస్తే వాళ్ళ జెండా.

ఆ మురారిరావు దండులో పేరు మోసిన సేనాని ఒకాయన ఉన్నాడు. ఇంగ్లీషువాళ్ళ యుద్ధ చరిత్రలో ఆయన పేరు ఇన్నిస్ ఖాన్ అని కనిపిస్తుంది. తెల్లవాళ్ళ నాలుక మీద వంకర పోయిన ఆ పేరును సరిచేస్తే యూనస్ ఖాన్. గుత్తి మరాఠా దొర తన గుర్రాలను, తన పరువును అప్పగించి తమిళదేశం పంపింది ఒక ముస్లింకు. మా అయ్యవారు ఆ గద్దె దగ్గర నిలబడి ఈ ఒక్క పేరు చెప్పి ఉంటే, కొండ దిగేటప్పుడు ఆ గొంతు వినిపించి ఉండేది కాదేమో.

ఇక కోట బయట సంగతి. గుత్తి మీదికి రాకముందు 1775లో హైదర్ బళ్ళారి దగ్గర ఎవరితో తలపడ్డాడు? ఆదోని జాగీర్దారు బసాలత్ జంగ్ సైన్యంతో. బసాలత్ జంగ్ హైదరాబాదు నిజాం అలీఖాన్‌కు తమ్ముడు. ఆయన కొలువులో ఫ్రెంచి సిపాయిలూ ఉన్నారు. అంటే ‘మీవాడు’ మొదట ‘మీవాళ్ళనే’ కొట్టాడు. ఆ హైదర్ దగ్గర, ఆ తర్వాత టిప్పు దగ్గర ఖజానా లెక్కలు చూసిన పూర్ణయ్య బ్రాహ్మణుడు. 1790లో టిప్పు మీదికి పోయిన కూటమిలో కంపెనీ ఉంది, పూనా పేష్వా ఉన్నాడు, నిజాం ఉన్నాడు. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు కోటగుమ్మం దగ్గర పడిపోయిన రోజున గోడ బయట నిజాం సైన్యం కూడా ఉంది. ఇందులో ఏది హిందూ పక్క, ఏది ముస్లిం పక్క? ఎవరైనా సున్నం తెచ్చి గీత గీసి చూపిస్తే మేం కృతజ్ఞులం.

మేం హైదర్‌కు వకీళ్ళం కాం. ఆయన గెలిచినందుకు మాకు గర్వమూ లేదు, ఆయన మాట తప్పి ఉంటే మాకు సిగ్గూ లేదు. మురారిరావు గుర్రాలు తొక్కిన చేలు, హైదర్ గుర్రాలు తొక్కిన చేలు ఒకటే. ఇద్దరికీ పన్ను కట్టింది ఆ చేలలో కొర్రలు, జొన్నలు పండించుకున్నవాళ్ళే. మా కోపమంతా ఒక్కదాని మీదే. జీతాల కోసం, జాగీర్ల కోసం జరిగిన యుద్ధాలను మతాల యుద్ధాలుగా మార్చి, రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ బాకీ పరుపులు కుట్టేవాడి కొడుకు దగ్గర వసూలు చేయడం మీద.

గుత్తి కోట ఎట్లా పడింది? 1776లో పడింది. ఆ కథను మార్క్ విల్క్స్ రాశాడు. ఆయన మైసూరులో కంపెనీ రెసిడెంటు. హైదర్, టిప్పుల పేరు చెడితే కంపెనీకి లాభం ఉన్న కాలంలో రాసినవాడు. ఆ సంగతి మనసులో పెట్టుకొనే ఆయన పుస్తకం చదవాలి. ఆయన చెప్పిన దాని ప్రకారం కోట గోడలు కూలలేదు. చుట్టూ ఉన్న మైదానం నుంచి ఇంచుమించు 300 మీటర్లు లేచిన కొండ అది. ఒక గోడ దాటితే ఇంకో గోడ, ఒక వాకిలి దాటితే ఇంకో వాకిలి. ఫిరంగులతో కూలేది కాదు. కూల్చింది దప్పిక. కొండ మీద వాననీళ్ళు పట్టే దొనలు, బావులు ఉన్నాయి. దిగువ కోట పోయినాక ఊరి జనం, పశువులు అందరూ పైకెక్కారు. నీళ్ళు అడుగంటాయి. మురారిరావు డబ్బు కట్టి రాజీ చేసుకోవడానికి ఒప్పుకున్నాడు. జామీనుగా ఒక యువకుణ్ణి హైదర్ శిబిరానికి పంపాడు. భోజనాల దగ్గర ఎవరో ఎత్తిపొడిస్తే ఆ కుర్రాడికి రోషం వచ్చింది. మా పౌరుషం తగ్గి కాదు, పైన నీళ్ళు లేక దిగివచ్చాం అని నోరు జారాడు. ఆ మాట హైదర్ చెవిన పడింది. రాజీ చెడింది. ముట్టడి బిగిసింది. దప్పికతో కోట వాకిలి తెరుచుకుంది. మురారిరావును మైసూరు సీమకు తీసుకుపోయి కబ్బాళదుర్గంలో పెట్టారు. ఆ కొండ మీదే ఆయన చచ్చిపోయాడు.

మా జిల్లాలో పుట్టినవాళ్ళకు ఈ కథలో మోసం కన్నా ముందు నీళ్ళు కనిపిస్తాయి. నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిపోయిన రైతుకు మురారిరావు ఎందుకు దిగివచ్చాడో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ నీళ్ళను మోసిందెవరు? ఆ కాలపు సైన్యాల్లో నీళ్ళు మోయడం ఒక కొలువు. ఎద్దు వీపున రెండు పక్కలా వేలాడే పెద్ద తోలుతిత్తి పఖాల్. దాన్ని తోలేవాడు పఖాలీ. భుజాన చిన్న తిత్తి, మషక్ మోసేవాడు భిస్తీ. ఆ మాటకు మూలం బిహిష్త్, అంటే స్వర్గం. దప్పికగొన్నవాడికి నీళ్ళిచ్చేవాడు స్వర్గం నుంచి వచ్చినవాడే. నిజాం దండులో, మైసూరు దండులో, కంపెనీ దండులో, మురారిరావు దండులో, ఎక్కడ చూసినా ఈ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది మావాళ్ళు. గుర్రాలకు నాడాలు కొట్టిన నాల్‌బందులు, గుడారాలు కుట్టినవాళ్ళు, పరుపులకూ కవచాలకూ దూది ఏకినవాళ్ళు, వీళ్ళూ మావాళ్ళే. చేతిలో కత్తి లేదు కాబట్టి వీళ్ళు వీరులు కారు. జాగీరు లేదు కాబట్టి వీళ్ళు చరిత్ర కారు. కానీ ఎవడో ఒక నవాబు చేసిన పనికి మాత్రం వీళ్ళ మనవళ్ళే జవాబుదారులు!

ఇప్పుడు కొండ దిగి సమాధుల తోటకు పోదాం.

1799లో టిప్పు పడినాక గుత్తి సీమ నిజాం వాటాకు వచ్చింది. ఏడాది తిరగకముందే, 1800లో, తన దగ్గర పెట్టుకున్న కంపెనీ పటాలాల ఖర్చు కింద నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. అందుకే దత్తమండలాలన్నారు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా మా ఊరి పేరే ఎవరో ఎవరికో ఇచ్చిన వస్తువు పేరు. ఆ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1800లో వచ్చినవాడు థామస్ మన్రో. 1807 దాకా ఉన్నాడు. పాళెగాళ్ళను అణచాడు, పొలాలు కొలిపించాడు, రైతుతో నేరుగా శిస్తు మాట్లాడే పద్ధతి పెట్టాడు. ఈ మన్రో మద్రాసులో అడుగుపెట్టింది 1780లో. అడుగుపెట్టిన వెంటనే ఆయన చేసిన మొదటి యుద్ధం ఎవరితో? హైదరాలీతో. ఆ యువకుడు నలభై ఏడేళ్ళ తర్వాత, మద్రాసు గవర్నరు హోదాలో ఈ సీమను కడసారి చూడటానికి వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. హైదర్ గెలిచిన గుత్తి కొండ కిందే ఆయన్ను పాతిపెట్టారు. 1831లో ఆయన అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. గుత్తిలో గుర్తు మిగిలింది.

మన్రోను తిట్టడం మా ఉద్దేశం కాదు. ఆయన పేరు మీద పత్తికొండలో బావి తవ్వించి తోపు వేశారు. గుత్తిలో బాటసారులకు సత్రం కట్టారు. రాతి బొమ్మ కన్నా బావి మంచి స్మారకమని మేమూ ఒప్పుకుంటాం. ఎండన పడి వచ్చినవాడు ఆ నీళ్ళు తాగేటప్పుడు దొర ఏ మతంవాడో అడిగి ఉండడు. ఈ సీమ జనం ఇంకో పని కూడా చేశారు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. స్కాట్లాండు దొర పేరుకు ‘అప్ప’ తగిలించి ఇంటివాణ్ణి చేసుకున్నారు. ఇది ఈ నేల గుణం. పరాయివాడు మంచి చేశాడనిపిస్తే వాడి పేరుతో బిడ్డను పిలుచుకుంటుంది.

మా ప్రశ్న వేరే. వేల మైళ్ళ అవతల నుంచి వచ్చి, ఈ సీమను గెలిచిన కంపెనీకి కలెక్టరైనవాణ్ణి ‘అప్ప’ను చేసుకోగలిగిన నేల, తన దొనల్లో నీళ్ళు మోసినవాణ్ణి ‘మీవాడు’ అని ఎందుకు పక్కకు తోస్తుంది? తోస్తున్నది నేల కాదు. నేల పేరుతో మాట్లాడుతున్న వాళ్ళు.

ఆ తోటలో మిగతా సమాధులు కంపెనీ అధికారులవి, వాళ్ళ కుటుంబాలవి. ఈ ఎండలకు, ఈ జ్వరాలకు పోయిన పరాయి బిడ్డలు. వాళ్ళ మీద మాకు జాలే. కానీ గుత్తి ముట్టడిలో లోపలా బయటా చచ్చిన సిపాయిలకు ఒక్క పలకా లేదు. గుత్తి పడిన సరిగ్గా నూరేళ్ళకు, 1876లో, ధాత కరువు వచ్చింది. రెండేళ్ళు మనుషుల్ని తిన్నది. ఈ తాలూకాలు అప్పటికి బళ్ళారి జిల్లాలో ఉన్నాయి. అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో. ఆ కరువులో పోయినవాళ్ళ లెక్కలు దొరల రిపోర్టుల్లో అంకెలుగా ఉన్నాయి. నేల మీద గుర్తుగా ఏమీ లేవు. యుద్ధంలో చచ్చిన దొరకు రాయి, కలరాతో చచ్చిన గవర్నరుకు తోపు, నీళ్ళు లేక చచ్చినవాడికి ఏమీ లేదు.

అట్లాగని ఈ నేల మర్చిపోయిందా? మర్చిపోలేదు. రాతికి బదులు ఇంకో రకంగా గుర్తుపెట్టుకుంది. దాన్ని చూడాలంటే కోట వదిలి ఊరి మధ్యలోని పీర్ల చావిడికి రావాలి.

క్రీస్తుశకం 680లో, ముహర్రం పదో రోజున, ఇరాక్‌లోని కర్బలా మైదానంలో హజరత్ ఇమాం హుసేన్‌నూ ఆయన వెంట ఉన్న పిడికెడు మందినీ యజీదు సైన్యం చంపింది. చంపే ముందు యూఫ్రటీసు నది కళ్ళెదుట పారుతుండగా వాళ్ళకు నీళ్ళు ఆపింది. పసిపిల్లల నాలుకలు పిడచగట్టుకుపోయాయి. హుసేన్ తమ్ముడు అబ్బాస్ మషక్ భుజాన వేసుకొని నది దాకా పోయాడు. నీళ్ళు నింపుకొని తిరిగి వస్తుంటే చేతులు నరికారు. ఆయన బిరుదు సఖ్ఖా, అంటే నీళ్ళు మోసేవాడు. మా ఊళ్ళలో పీరు తల మీద నిలబడే ఆ ఇత్తడి చెయ్యిని, పంజాను, చాలామంది ఆ తెగిన చేతికి గుర్తుగానే తలుచుకుంటారు. నీళ్ళు మోస్తూ చచ్చిపోయినవాడికి ఇంత పెద్ద స్మారకం ఇంకెవరు నిలబెట్టారు?

ఆ స్మారకాన్ని మా జిల్లాలో మేం ఒక్కరమే మోయడం లేదు. నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీరుకు ముహర్రం నెలలో జనం లక్షల్లో వస్తారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హిందువులు. పక్కనే ఆంజనేయుడి గుడి. రెండు చోట్లా మొక్కి పోతారు. గుండం తొక్కుతారు, చక్కెర చదివిస్తారు, పానకం పోస్తారు. మా పక్క ఏ ఊరికి పోయినా కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు, హుసేనప్పలు, మస్తానమ్మలు కనిపిస్తారు. కొందరు మావాళ్ళు, చాలామంది కాదు. మన్రోలప్ప పేరు ఎట్లా పుట్టిందో ఈ పేర్లూ అట్లాగే పుట్టాయి. ఇది ఎవరో మేధావులు కూచొని తయారుచేసిన మతసామరస్యం కాదు. దప్పిక తెలిసిన జనం దప్పికతో చచ్చినవాళ్ళను తలుచుకోవడం. కర్బలా ఎక్కడుందో తెలియని ముసలమ్మ కూడా ‘నీళ్ళియ్యకుండా చంపినారంట నాయనా’ అని కళ్ళొత్తుకుంటుంది. అనంతపురం ముసలమ్మకు ఆ మాట కన్నా ఎక్కువ వివరణ అక్కరలేదు.

ఇక్కడ మా ఇంటి గొడవ కూడా దాచకుండా చెప్పాలి. పీర్లెత్తడం షిర్క్, దీన్‌లో లేని పని అని మాలోనే చెప్పేవాళ్ళు ఉన్నారు. ఎక్కువవుతున్నారు. కొన్ని ఊళ్ళలో మావాళ్ళు చావిడి గుమ్మం తొక్కడం మానేశారు. అవతలి పక్క, పీర్లకు మొక్కడం మన ఆచారం కాదు అని హిందూ యువకులకు నేర్పేవాళ్ళూ తయారయ్యారు. రెండు శుద్ధుల మధ్య చావిడి ఖాళీ అయితే నష్టం ఎవరికి? విశ్వాసం ఎవరిది వాళ్ళ ఇష్టం. మొక్కమని మేం ఎవర్నీ అడగం. కానీ ఆ చావిడి మా ఉమ్మడి స్మారకం. అక్కడ ఉన్నది మతం ఒక్కటే కాదు, ఈ నేల చరిత్ర కూడా. దాన్ని కూల్చుకున్నాక మిగిలేది కొండ మీద ‘మావాడు – మీవాడు’ పాఠం ఒక్కటే.

సెక్యులర్ మిత్రులతో కూడా ఒక మాట. మా మీద ఎవరైనా వేలు చూపినప్పుడు మీరు మా తరఫున కొన్ని పేర్లు చదువుతారు. 1948 జూలై 3న కాశ్మీరులో ఝంగర్ దగ్గర ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరన్ దగ్గర పాకిస్తాన్ టాంకులను కూల్చి చనిపోయి పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్. మీ మంచి మనసు మాకు తెలుసు. ఆ ఇద్దరి పేర్లు వింటే మా గుండె కూడా పొంగుతుంది. కానీ ప్రతిసారీ వాళ్ళను సర్టిఫికెట్లుగా తీసి చూపించాల్సి రావడం మాకు బాధ. ఈ దేశంలో ఉండటానికి మా పక్కింటి రెడ్డో, కమ్మరో, మాదిగో యుద్ధ వీరుడి పేరు చూపించనక్కరలేదు. మాకెందుకు అక్కర? స్మారకం అంటే మమ్మల్ని పరీక్ష చేసే గది కాకూడదు. చచ్చినవాళ్ళను తలుచుకొని బతికినవాళ్ళు కాసేపు పక్కపక్కన కూచునే చోటు కావాలి.

అట్లాంటి రాయి ఒకటి మా పక్కనే ఉంది. గుత్తికి దగ్గరలోని గుంతకల్లులో 1893 అక్టోబరు 4న హంపన్న అనే రైల్వే గేటు కాపలాదారు తుపాకీ దెబ్బకు పడిపోయాడు. తెల్ల సిపాయిలు వెంటపడితే పారిపోయి వచ్చిన ఆడవాళ్ళను ఆయన గేటు గదిలో దాచి, అడ్డం నిలబడ్డాడు. అందుకే కాల్చారు. గుత్తిలో వకీలుగా ఉన్న కేశవపిళ్ళై ఆ కేసును భుజాన వేసుకొని పోరాడాడు. మద్రాసు కోర్టు ముద్దాయిని వదిలేసింది. న్యాయం దక్కలేదు గానీ జనం చందాలతో హంపన్నకు రాయి దక్కింది. హంపన్న ఏ రాజు తరఫునా కొట్లాడలేదు. ఏ జెండా పట్టుకోలేదు. ఆయన చేతిలో ఉన్నది గేటు తాళాలు. ఆ రాయి ముందు నిలబడితే ‘ఈయన ఎవరివాడు?’ అన్న ప్రశ్న మనకు పుట్టదు. ఈ సీమలో మాకు తెలిసిన అతి గొప్ప యుద్ధ స్మారకం అదే.

గుత్తి కోట ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. రేపు ఎవరైనా దాని కింద తోట వేసి, పలక పెట్టి, చరిత్ర రాయించాలనుకుంటే మేం అడ్డం రాం. మురారిరావు పేరు రాయండి, హైదర్ పేరు రాయండి, మన్రో పేరు రాయండి. వాటి పక్కనే యూనస్ ఖాన్ పేరు కూడా రాయండి. ఈ కోట లోపలా బయటా రెండు మతాల వాళ్ళూ జీతానికి కొట్లాడారని, చివరికి నీళ్ళయిపోయి కోట పడిందని రాయండి. పేరు దొరకని పఖాలీ కోసం ఆ పలక పక్కన ఒక తొట్టి కట్టి నీళ్ళు నింపి పెట్టండి. మనుషులూ తాగుతారు, మేకలూ తాగుతాయి. మెట్లెక్కి దిగిన బడిపిల్లలు దోసిళ్ళు పట్టుకొని అక్కడ వరుసలో నిలబడతారు.

అప్పుడు వెనక నుంచి ఎవడైనా ‘మీవోడే కదా!’ అంటే మా పిల్లవాడు తల వంచుకోడు. నీళ్ళు తాగి, మూతి తుడుచుకొని, వెనక్కి తిరిగి అడుగుతాడు: ‘లోపలోడా, బయటోడా?’